రాత్రి యూనిట్టుకు ధర ఎంత?

భీమవరం పరిసరాల రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లకు అసలు పని రాత్రిపూటే పడుతుంది. నీటిలోని ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది కనుక, ఆ వేళ కరెంటు పోతే రైతు డీజిల్ జనరేటరు దగ్గరికి పరుగెత్తవలసిందే. అందువల్ల సౌర విద్యుత్తు చవకైందని ఎవరైనా అన్నప్పుడు, అది ఏ వేళకు అందుతుందన్నదే నాకు మొదట తోచే ప్రశ్న.

అద్దాలతో ఎండను ఒకచోట చేర్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పే సౌర ఉష్ణ విద్యుత్తును ఈ ప్రశ్నతోనే తూచాలని నా అభిప్రాయం. సోడియం, పొటాషియం నైట్రేట్ల మిశ్రమాన్ని 565 డిగ్రీల దాకా కాచి ట్యాంకుల్లో నిలవచేస్తే, పొద్దుగూకాక కూడా గంటల తరబడి విద్యుత్తు తీయవచ్చు. స్పెయిన్‌లో 2011లో మొదలైన హెమాసోలార్ కేంద్రానికి 15 గంటల నిల్వ ఉంది.

అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ ఐరీనా లెక్కల ప్రకారం 2010లో యూనిట్టుకు సుమారు 39 అమెరికన్ సెంట్లున్న సౌర ఉష్ణ విద్యుత్తు సగటు వ్యయం 2023 నాటికి 12 సెంట్లకు దిగింది. అదే కాలంలో, ఎండను నేరుగా కరెంటుగా మార్చే సౌర ప్యానెళ్ల విద్యుత్తు 46 నుంచి 4.4 సెంట్లకు పడిపోయింది. అయితే ఇటీవలి ఉష్ణ కేంద్రాల వ్యయంలో నిల్వ ట్యాంకుల ఖర్చు కలిసి ఉంటుంది, ప్యానెళ్ల వ్యయంలో అది ఉండదు. ఆ సంగతి చెప్పకుండా రెండు అంకెలనూ పోల్చడం న్యాయం కాదు. ప్యానెళ్లు ఫ్యాక్టరీల్లో కోట్ల సంఖ్యలో తయారవుతుండగా, ఉష్ణ కేంద్రాన్ని ప్రతిచోటా కొత్తగా కట్టుకోవాలి. ప్రపంచంలో ప్యానెళ్ల సామర్థ్యం 2022లోనే వెయ్యి గిగావాట్లు దాటింది. 2023 నాటికి ఉష్ణ కేంద్రాలది మొత్తం ఏడు గిగావాట్ల దరిదాపుల్లోనే ఉంది. ఇంత తక్కువ కట్టినా ధర ఇంతగా తగ్గడమే నాకు ఆశ కలిగిస్తోంది.

మన దేశంలో 2010లో ఏడు సౌర ఉష్ణ ప్రాజెక్టులకు 470 మెగావాట్లు కేటాయించగా, పూర్తయినవి కొన్నే. వాటిలో 50 మెగావాట్లది మన అనంతపురం జిల్లాలో ఉంది. దుమ్ము వల్ల నేరుగా పడే ఎండ అంచనాకన్నా తక్కువగా తేలడం ఈ రంగాన్ని గట్టిగా దెబ్బతీసింది. డెల్టాలోనైతే గాలిలోని తేమ, పలుచని మబ్బు ఎండను చెదరగొడతాయి, చెదిరిన వెలుతురును అద్దాలు కూడగట్టలేవు. కనుక కోనసీమలో ఇలాంటి కేంద్రం కోరడం వృథా. మనకు కావలసిన రాత్రి విద్యుత్తు రాయలసీమ నుంచో రాజస్థాన్ నుంచో గ్రిడ్డు మీదుగా రావాలి.

బ్యాటరీలు కూడా ఏటేటా చవకవుతున్నాయి, రెండుమూడు గంటల నిల్వకు వాటితో పోటీ కష్టమే. అసలు పోటీ ఎనిమిది, పది గంటల నిల్వ దగ్గర ఉంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిలకడగా ఇచ్చే యూనిట్టుకు టెండర్లలో విడిగా ధర అడగాలి. అప్పుడు బ్యాటరీలే నెగ్గినా నాకు అభ్యంతరం లేదు, చెరువు గట్టు మీది రైతుకు డీజిల్ ఖర్చు తప్పితే చాలు.