పారాచూట్ లేకుండా 18 వేల అడుగులు

గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. టెర్మినల్ వెలాసిటీ (పడే వస్తువు వేగం ఇక పెరగకుండా నిలిచిపోయే స్థాయి) పాఠం వచ్చిందంటే నికోలస్ ఆల్కమేడ్ గురించి చెప్పకుండా క్లాసు వదలను.

1944 మార్చి 24 రాత్రి. బెర్లిన్ మీద బాంబులు వేసి తిరిగొస్తున్న బ్రిటిష్ బాంబర్ విమానం లాంకాస్టర్ అంటుకుంది. తోక చివర గన్నర్ ఆల్కమేడ్, వయసు 21. అక్కడ ఎంత ఇరుకంటే పారాచూట్ కట్టుకుని కూర్చోవడానికి వీల్లేదు, తలుపు అవతల పెట్టుకోవాలి. తలుపు తీసి చూస్తే అదే కాలిపోతోంది. మంటల్లో మాడేకన్నా దూకి చావడమే నయమనుకున్నాడు. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

గాలి అడ్డుకోవడం వల్ల, పడే మనిషి వేగం గంటకు దాదాపు 200 కిలోమీటర్ల దగ్గర నిలిచిపోతుంది. ఆ తర్వాత ఎత్తు లెక్కలోకి రాదు, ఆగడానికి ఎంత దూరం దొరికిందన్నదే లెక్క. అతనికి పైన్ చెట్ల కొమ్మలు, కింద మెత్తటి మంచు దొరికాయి. కాలు బెణికింది, అంతే! పారాచూట్ లేకుండా దూకానంటే నమ్మక, జర్మన్లు గూఢచారి అనుకున్నారు. విమాన శకలాల్లో కాలిన పారాచూట్ కనిపించాకే నమ్మారు.

"మరి మిగతావాళ్లు సార్?" అని మొన్న వెనక బెంచీలో అమ్మాయి అడిగింది. ఏడుగురిలో నలుగురు బతకలేదమ్మా, పైలట్ జాక్ న్యూమన్‌తో సహా. ఇక మీదట ఆయన పేరు కూడా పాఠంలో చెబుతాను.