జేమ్స్ ఎవాన్స్‌ని ఎందుకు చంపేశారు?

అమెరికన్ టీవీ కామెడీల్లో నల్లజాతి కుటుంబాల మాట ఎత్తితే అందరూ కాస్బీ షో దగ్గర మొదలుపెడతారు. అందులో తండ్రి వేషం వేసిన బిల్ కాస్బీ మీద అంతమంది మహిళలు చేసిన ఆరోపణలు విన్నాక నేను దాన్ని మళ్ళీ చూడలేకపోయాను. నాకు ముందు గుర్తొచ్చేది 'గుడ్ టైమ్స్'లో జేమ్స్ ఎవాన్స్.

1974లో సీబీఎస్ ఛానల్లో మొదలైంది ఆ సీరియల్. షికాగోలో ప్రభుత్వం పేదలకి కట్టించిన అపార్ట్‌మెంట్లలో ఒక కుటుంబం. తల్లి ఫ్లోరిడా, తండ్రి జేమ్స్, ముగ్గురు పిల్లలు. జేమ్స్‌కి ఇవాళ పని దొరికితే రేపు ఉంటుందో లేదో తెలియదు. అయినా ఇంట్లో ఆయన మాటంటే మాటే. పిల్లలకి ఆయనంటే భయం, ఆయన గుమ్మంలో అడుగు పెడితే ధైర్యం.

ఆ ఇంట్లో తండ్రి ఉండటం కూడా పట్టుబట్టి సాధించుకున్నదే. భర్త లేని ఇల్లయితే నేను చెయ్యనని ఫ్లోరిడా పాత్ర వేసిన ఎస్తర్ రోల్ తేల్చి చెప్పింది. నల్లవాళ్ళ ఇళ్ళలో తండ్రులు నిలబడరని జనం అప్పటికే గట్టిగా నమ్ముతున్నారు. ఆ నమ్మకాన్ని వారం వారం తన చేతులతో ఇంకాస్త పెంచడం ఆమెకి ఇష్టం లేదు.

సీరియల్ హిట్టయింది. హిట్టయిన కొద్దీ పెద్ద కొడుకు జేజే వెకిలి చేష్టలు ఎక్కువయ్యాయి. "డైనమైట్!" అని అరిస్తే స్టూడియోలో జనం పడీపడీ నవ్వేవారు. మిగిలిన ఇద్దరు పిల్లలూ తెలివైనవాళ్ళు, పెద్ద పెద్ద ఆశలున్నవాళ్ళు. వాళ్ళ కథలు మాత్రం పక్కకి జరిగిపోయాయి. చదువూ పనీ లేకుండా తిరిగే కుర్రాడిని చూపించి మా పిల్లలకి ఏం నేర్పుతున్నారని ఎస్తర్ రోల్ 1975లో ఒక పత్రికకే చెప్పింది. జేమ్స్ వేషం వేసిన జాన్ ఏమస్ సెట్లోనే రచయితలతో గొడవపడేవాడు. నల్లవాళ్ళ ఇంట్లో తండ్రి ఇలా మాట్లాడడు, కొడుకుని ఇలా వదిలెయ్యడు అని ఆయన వాదన. మూడో సీజన్ అయ్యాక ఆయన్ని తీసేశారు.

1976లో నాలుగో సీజన్ మొదట్లో, ఇంట్లో పార్టీ జరుగుతుండగా టెలిగ్రామ్ వస్తుంది. పనికోసం మిసిసిపీ వెళ్ళిన జేమ్స్ కారు ప్రమాదంలో చనిపోయాడు. అంత్యక్రియల తర్వాత ఫ్లోరిడా చుట్టాల ముందు గట్టిగా నిలబడుతుంది, కన్నీళ్ళు లేవు. అందరూ వెళ్ళిపోయాక గాజు గిన్నె ఎత్తి నేలకేసి కొడుతుంది. అప్పుడు బయటికొస్తుంది ఏడుపు. ఆ సీన్ ఎన్నిసార్లు చూసినా నాకు కోపమే వస్తుంది. రచయితలతో పడిన గొడవకి శిక్షగా ఆ ఇంటి తండ్రినే తీసేశారు. ఎస్తర్ రోల్ దేన్నయితే ఒద్దంటూ ఆ సీరియల్లోకి అడుగుపెట్టిందో, ఆ ఇల్లు సరిగ్గా అదే అయిపోయింది.

రాసేవాళ్ళు నల్లవాళ్ళయితే అన్నీ చక్కబడతాయని నేను అనను. గుడ్ టైమ్స్‌ని సృష్టించిన ఎరిక్ మాంటీ, మైక్ ఎవాన్స్ ఇద్దరూ నల్లజాతి రచయితలే. నల్లజాతి కుటుంబం మీదే వచ్చిన 'ద ఫ్రెష్ ప్రిన్స్ ఆఫ్ బెల్ ఎయిర్' కామెడీని మొదలుపెట్టింది తెల్ల దంపతులు. చివరి మాట ఎవరిది అన్నదే నా ప్రశ్న.

మన భారతీయుల సంగతీ ఇంతే. 'సింప్సన్స్' కార్టూన్ సీరియల్లో కొట్టు నడిపే భారతీయుడు అపూకి పెళ్ళాం ఉంది, ఎనిమిదిమంది పిల్లలున్నారు. నవ్వు మాత్రం ఆయన యాస మీదే, ఆ యాస చేసింది తెల్ల నటుడు. 2017లో దాని మీద డాక్యుమెంటరీ తీసి నిలదీసినవాడు కమెడియన్ హరి కొండబోలు. మన తెలుగువాళ్ళ అబ్బాయి ఆ పని చేశాడని నాకు గర్వం. 2020కి ఆ నటుడు ఆ గొంతు మానేశాడు.

ఫ్రెష్ ప్రిన్స్ 1990 నాటి ఎపిసోడ్ ఒకటి మా అబ్బాయి డ్రైవింగ్ నేర్చుకుంటున్న రోజుల్లో ఇంట్లో చూశాం. తెలిసినవాళ్ళ ఖరీదైన కారులో విల్, అతని మామయ్య కొడుకు కార్ల్‌టన్ వెళ్తుంటే పోలీసులు దొంగలనుకుని లోపల వేస్తారు. బయటికొచ్చాక కూడా కార్ల్‌టన్, కారు మరీ నెమ్మదిగా నడిపాం కాబట్టి ఆపారంటాడు. నువ్వే పోలీసువైతే ఆపవా అని తండ్రిని అడుగుతాడు. తండ్రి ఫిల్ లాయరు, ఏ ఉపన్యాసమైనా ఇవ్వగలడు. కానీ నన్ను మొదటిసారి ఆపినప్పుడు నన్ను నేను ఇదే ప్రశ్న వేసుకున్నానని మాత్రం చెప్పి వెళ్ళిపోతాడు. అది చూసి మా వాడు, "తప్పు చెయ్యకపోతే టెన్షన్ ఎందుకమ్మా?" అన్నాడు. వాళ్ళ నాన్న టీవీ ఆపేసి, పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీద ఎలా ఉంచాలో, కాగితాలు అడిగేదాకా ఎందుకు కదలకూడదో దగ్గర కూర్చుని చెప్పారు.

ఏబీసీ ఛానల్లో వచ్చిన నల్లజాతి కుటుంబం కామెడీ 'బ్లాకిష్' 2016లో చేసిన 'హోప్' అన్న ఎపిసోడ్ మొత్తం ఇలాంటి మాటే. ఇంటిల్లిపాదీ హాల్లో టీవీ ముందు కూర్చుంటారు, పోలీసు దౌర్జన్యం కేసు ఏమవుతుందా అని. పిల్లలకి ఆశ మిగల్చాలంటుంది తల్లి బో. నిజం చెప్పాలంటాడు తండ్రి డ్రే. ఒబామా ప్రమాణం చేసిన రోజు ఆయన కారు దిగి నడుస్తుంటే, ఎవరైనా ఏమైనా చేసేస్తారేమోనని భయపడలేదా నువ్వు అని భార్యని అడుగుతాడు. అక్కడ కామెడీ కాసేపు ఆగిపోతుంది, ఎవరికీ లోటనిపించదు.

ఇంత చేసిన బ్లాకిష్‌కీ చివరి మాట దక్కలేదు. 2018 ఫిబ్రవరిలో రావాల్సిన 'ప్లీజ్, బేబీ, ప్లీజ్' అన్న ఎపిసోడ్‌ని ఏబీసీ ఆపేసింది. గాలివాన రాత్రి నిద్రపోని పసివాడికి డ్రే తన దేశం గురించి కథ చెబుతాడు, అంతే. సృష్టికర్త కెన్యా బారిస్ ఆ ఏడాదే ఏబీసీని వదిలి నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్ళిపోయాడు. పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగి దేశం వీధుల్లోకి వచ్చాక, 2020 ఆగస్టులో ఆ ఎపిసోడ్‌ని హులూ అన్న స్ట్రీమింగ్ సైట్లో పెట్టారు. నేను మొదటినుంచి చివరిదాకా చూశాను. దాచాల్సిన ముక్క ఒక్కటీ నాకు కనబడలేదు. అభిప్రాయ భేదాలని చెప్పి ఊరుకున్న ఆ ఛానల్ పెద్దలు, ఒక తండ్రి కొడుకుతో చెప్పే మాటలకి రెండున్నరేళ్ళు తాళం ఎందుకు వేశారో ఇప్పటికైనా చెప్పాలి.