కువైట్ నుంచి సంతకం

నిద్ర పట్టట్లేదు. ఫోన్ పక్కన పడేసి పడుకోమని ఈయన ఒకసారి గొణిగి అటు తిరిగారు.

పొద్దున చెల్లెలితో (వరసకి చెల్లెలు, ఎవరని అడగకండి) నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాను. ఇద్దరు పిల్లలు, కాపర్-టీ ఉండగానే నెల తప్పింది, ఏడో వారం. తనకి వద్దు, అబార్షన్ చేయించుకుంటానంది. కౌంటర్ అమ్మాయి తలెత్తకుండానే "మీ వారి సంతకం కావాలండి" అంది. ఆ 'మీ వారు' కువైట్‌లో ఉన్నాడు, సంక్రాంతికొచ్చి వెళ్ళాడు. "అయితే తెల్ల కాగితం మీద సంతకం పెట్టి వాట్సాప్ చెయ్యమనండి, ప్రింట్ తీసుకుంటాం" అంది.

ఒళ్ళు మండింది. పద్దెనిమిది నిండిన ఆడమనిషికి తన సమ్మతి ఒక్కటే చాలని 1971 నాటి అబార్షన్ చట్టంలోనే ఉంది. చట్టంలో లేని ఇంట్లోవాళ్ళ అనుమతులు అడగొద్దని 2022లో సుప్రీంకోర్టూ చెప్పింది. ఎవరు వింటారు?

అప్పుడే అమ్మ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గుర్తొచ్చింది. మా ఊరి స్కూల్లో క్యాంపు. బెంచీలు గోడకి జరిపి, ఆపరేషన్ అయినవాళ్ళని అయినట్టు వరసగా చాపల మీద పడుకోబెట్టారు. బోర్డు మీద ముందురోజు లెక్కలు అలాగే ఉన్నాయి. నా చంకలో తమ్ముడు పాలకి ఒకటే ఏడుపు. అమ్మ మత్తులోనే వాడికోసం చెయ్యి చాపితే, పక్క చాప మీదావిడ "ఇవ్వకే, కుట్లు ఊడతాయి" అని అరిచింది. నాన్న బయట చెట్టు కింద ఉన్నారు. ఆయనే చేయించుకోవచ్చుగా అని చాలా ఏళ్ళకి అడిగితే, "బరువులెత్తే మనిషికి కోత ఏంటే" అని అమ్మ నవ్వేసింది. చెరువు నుంచి బిందెలు మోసింది మాత్రం అమ్మే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, ఆంధ్రలో పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయిపోయింది, మగవాళ్ళది అర శాతం కూడా లేదు. ఇప్పుడేమో ఎక్కువమందిని కనమంటున్నారు, ఇద్దరికి మించితే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న రూలు కూడా 2024లో ఎత్తేశారు. కోయించుకోమన్నా కనమన్నా మనకే.

ఇంత రాశాక ఆ కౌంటర్ అమ్మాయి మీద కోపం తగ్గింది. రేపు మొగుడొచ్చి నన్నడక్కుండా ఎలా చేశారని అద్దాలు పగలగొడితే తిట్లు తినేది ఆ పిల్లే కదా. చట్టాన్ని వెనకేసుకొచ్చాను గానీ అదీ అంత గొప్పది కాదు. దాని ప్రకారం 'నాకు వద్దు' అంటే సరిపోదు, ఇది కొనసాగితే ఈమె ఆరోగ్యానికో మనసుకో తీవ్రమైన హాని అని డాక్టరు అనుకోవాలి, ఇరవై వారాలు దాటితే ఇద్దరు డాక్టర్లు. అంటే తుది మాట అక్కడా తనది కాదు.

పని అయితే అయింది. మరిది, అదే దాని మొగుడు, డ్యూటీలో ఉండి కూడా వెంటనే సంతకం పంపాడు, కింద 'జాగ్రత్త' అని కూడా రాశాడు. కాపర్-టీ తీసేసి మాత్రలిచ్చారు. దారిలో చెరుకురసం తాగాం. చెల్లెలు ఆ 'జాగ్రత్త'ని మళ్ళీ మళ్ళీ చూసుకుని మురిసిపోతోంది. "పంపకపోయుంటే ఏం చేసేదానివే?" అన్నాను. "పంపాడుగా, నువ్వెప్పుడూ ఇంతే అక్కా" అంది.

రెండో విడత మాత్రలకి ఎల్లుండి రమ్మన్నారు. సమ్మతి పత్రం, అదే ఫారం-సి, ప్రింట్ తీసి పట్టుకెళ్తా. దాంట్లో మొగుడి సంతకానికి చోటే లేదు, ఆ పిల్లకి చూపించాలి.