హాఫ్ ఐనా, ఫుల్ ఐనా: ఉస్మాన్ అలీ రూపాయలతో నా కుస్తీ

హైదరాబాద్ నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయల లాట్ ఒకటి వేరుచేయడం ఇవాళే అయిపోయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. లాట్‌లో ఒక నాణేనికి "హాఫ్ ఐన్" అని చీటీ అంటించి, డీలరు దానికి విడిగా రేటు కట్టాడు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఒకటి దాన్ని ప్లాస్టిక్ స్లాబ్‌లో మూసి, అదే మాట లేబుల్ మీద అచ్చేసింది. అది హాఫ్ ఐన్ కాదు. ఎందుకు కాదో కింద చెబుతాను.

కొత్తవాళ్లకు ముందు రెండు మాటలు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయిలో నడిమి ద్వారం లోపల ఆయన పేరు మొదటి అక్షరం మీమ్ ఉంటుంది. 1911 ఆగస్టు 29న ఆయన పోయి ఉస్మాన్ అలీ గద్దెనెక్కాక ఆ చోటికి ఉస్మాన్ పేరు మొదటి ఉర్దూ అక్షరం ఐన్ వచ్చింది. తొలి నాణేల్లో ఐన్ పొట్టిది, అదే హాఫ్ ఐన్: పైన చిన్న కొక్కెం, దాని కింద కురచ గీత, అంతే. తర్వాతి వాటిలో నిండు ఐన్, అంటే ఫుల్ ఐన్: తిరగేసిన 3 అంకెలా కింద పెద్ద వంపు కూడా ఉంటుంది. గొడవంతా హిజ్రీ (ఇస్లామీ పంచాంగం) 1329, 1330 నాణేల దగ్గరే.

బరువు, వెండి తేల్చడం తేలిక. బరువు 11.178 గ్రాములు, వెండి వెయ్యికి 818 పాళ్లు. 0.01 గ్రాము చూపే కాంటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో గ్లాసు అడుగుకీ అంచుకీ తగలకుండా ముంచండి. కాంటా 1.10 దగ్గర ఆగితే, నాణెం బరువును దానితో భాగించండి: సాంద్రత సుమారు 10.16, అంటే లోహం సరైనదే. గాలి బుడగ అంటుకుంటే అంకె పెరుగుతుంది, దులిపి మళ్లీ చూడాలి. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి తర్వాత పీకేసిన నాణేలు ఉంటాయి. వాటి అంచున టంకం మిగిలితే ఈ లెక్క పనికిరాదు.

తేదీ దగ్గర కాస్త ఓపిక కావాలి. పారశీ 2కి ఒకే పన్ను, 3కి రెండు. 1329కీ 1339కీ మధ్య ఉన్న తేడా ఆ ఒక్క పన్నే, అరిగితే అదీ పోతుంది. కాబట్టి హిజ్రీ అంకెను ఒంటరిగా నమ్మొద్దు, వెనకవైపు జులూస్ సంవత్సరంతో, అంటే రాజు గద్దెనెక్కి ఎన్నో ఏడో చెప్పే అంకెతో సరిచూడండి. ఉస్మాన్ అలీ 1329కి జులూస్ 1 ఉండాలి, 1339కి 10 లేదా 11. హిజ్రీ ఏడు మధ్యలో జులూస్ మారుతుంది కాబట్టి ఒకే హిజ్రీకి రెండు అంకెలు రావడం తప్పు కాదు. జులూస్ నలభైల్లో ఉంటే అది మహబూబ్ నాణెం. అరిగిన మీమ్‌ను పొట్టి ఐన్ అని అంటగట్టేవాళ్లకు ఈ ఒక్క పరీక్ష చాలు.

సున్నా ఇంకో తలనొప్పి. పారశీలో సున్నా అంటే చుక్క. నాణెం కొట్టే అచ్చులో చిన్న పెచ్చు ఊడితే నాణెం మీద ఉబ్బెత్తు చుక్క పడుతుంది, సున్నాలాగే కనిపిస్తుంది. అసలు సున్నా మిగతా అంకెల వరుసలో, గుండ్రంగా ఉంటుంది. పెచ్చు చుక్క వంకరగా, వరుస తప్పి ఉంటుంది.

ఇక ఐన్. నా బుర్ర తినేసింది ఇదే. నిండు ఐన్ మూడు కారణాల వల్ల పొట్టిదానిలా కనిపిస్తుంది: అరుగుదల, అచ్చులో జిడ్డు, అచ్చు దెబ్బ చాలకపోవడం. ద్వారం పల్లంలో ఉంటుంది కాబట్టి అరుగుదల ముందు మీనార్ల బాల్కనీలను తింటుంది. బాల్కనీ గీతలు పదునుగా ఉండి ఐన్ తోక ఒక్కటే లేకపోతే అది అరుగుదల కాదు. దెబ్బ చాలకపోతే ద్వారం ఒక్కటే కాదు, చుట్టుపక్కల గీతలూ కలిసి మెత్తబడతాయి. జిడ్డు ఇంకా మోసకారి. అచ్చులో అక్షరమంటే గుంట. దుమ్ము, నూనె కలిసి ఆ గుంటను పూడ్చేస్తే లోహం అందులోకి దిగదు, నాణెం మీద అక్షరం సగమే లేస్తుంది.

తేల్చేది అక్షరం చివర. 10ఎక్స్ లూప్ (పదింతలు పెద్దగా చూపే భూతద్దం) కింద నిజమైన పొట్టి ఐన్ గీత తెగినట్టు ఆగుతుంది, దాని అంచుకు మిగతా అక్షరమంత ఎత్తే ఉంటుంది. జిడ్డు నాణెంలో గీత క్రమంగా పల్చబడి నాణెం చదును భాగంలో కలిసిపోతుంది, దాని కింద తోక నీడ మిగులుతుంది. ఆ నీడ నేరుగా పడే వెలుగులో కనబడదు. దీపాన్ని బల్ల మీదికి దించి పది పదిహేను డిగ్రీల వాలులో పెట్టి, దీపాన్ని కదపకుండా నాణేన్ని తిప్పండి. ఒక కోణంలో తోక లేస్తుంది. ఫోటో తీస్తే వెలుగు పైనుంచి పడేలా తీయండి. కిందినుంచి పడితే కంటికి ఉబ్బెత్తు గుంటగానూ, గుంట ఉబ్బెత్తుగానూ తోస్తాయి. సగం వాట్సాప్ వాదాలు అలాంటి ఫోటోల మీదే నడుస్తాయి.

నా స్లాబ్ నాణెంలో బాల్కనీలు పదును, ద్వారం చట్రం పదును, ఐన్ కింద తోక నీడ స్పష్టం. ఇదంతా ఫోటోలతో రాసి పంపితే, రకాన్ని మళ్లీ పరిశీలించడానికి వేరే రుసుము కట్టాలని ఆ సంస్థ జవాబిచ్చింది. డీలరైతే ఫోనులో "సార్, లేబుల్ మీద ఉంది కదా" అన్నాడు. లేబుల్ కొనేవాళ్లు లేబుల్ కొనుక్కోండి, నాకు నాణెం కావాలి.

అక్షరాలు జంటగా కనిపిస్తే వెంటనే "డబుల్ డై" అనకండి. దెబ్బ పడ్డాక అచ్చు జారితే అక్షరం పక్కన చదునైన మెట్టు పడుతుంది, అసలు గీత సన్నబడుతుంది. దానికి అదనపు విలువ లేదు. అచ్చులోనే జంట ఉంటే రెండో గీత కూడా గుండ్రంగా, ఎత్తుగా లేస్తుంది.

చింతపండుతో తోమిన నాణేలను ఈ పనికి అసలు తీసుకోకండి. అంచులు కరిగిపోయాక పొట్టీ నిండూ తేల్చడం ఎవరి తరమూ కాదు. జిడ్డు పట్టి ఉంటే అసిటోన్‌లో నానబెట్టి, రుద్దకుండా ఆరబెట్టండి. పీవీసీ కవర్లు ఆకుపచ్చ జిగురు వదులుతాయి, మైలార్ కవర్లే వాడండి. కవరు మీద హిజ్రీ, జులూస్, బరువు, ఐన్ రకం నాలుగూ రాసుకోండి. స్లాబ్ పగలగొట్టి తీసిన నాణెం కవరు మీద నేను రాసింది: 1330, జులూస్ 1, ఫుల్ ఐన్, అచ్చులో జిడ్డు.