గ్రూపు మారలేదు, బ్యాచ్ మారాను

పదో తరగతి పరీక్షలకు ఇంకా ఐదు నెలలు ఉండగానే మా ఇంటికి ఒక జూనియర్ కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. అది 2021 డిసెంబర్. ఆర్టీసీ డిపోలో మెకానిక్ అయిన నాన్న అప్పుడే డ్యూటీ దిగి వచ్చారు. ఫోన్ చేసిన పీఆర్వోకు నా పేరు, మా స్కూలు పేరు, మా వీధి కూడా తెలుసు. ఇప్పుడే అడ్వాన్స్ కడితే ఫీజు తగ్గుతుందని, మార్చి దాటితే సీటు చెప్పలేమని అన్నాడట. వారం తిరక్కుండా నాన్న ఐదు వేలు కట్టి రసీదు తెచ్చారు. దాని మీద నా పేరు పక్కన 'ఎంపీసీ - ఐఐటీ' అని రాసి ఉంది. ఏ గ్రూపు కావాలని నన్నెవరూ అడగలేదు. నేనూ నోరు తెరవలేదు. నాన్న మీద నాకు కోపం లేదు. ఆయన ఐటీఐ దగ్గరే ఆగిపోయారు. కూతురు ఆగకూడదనుకున్నారు.

మాది కరోనా బ్యాచ్. ఎనిమిదో తరగతి వార్షిక పరీక్షలు రాయకుండానే పై తరగతికి వెళ్లాం. తొమ్మిది దాదాపు అంతా అమ్మ ఫోన్‌లో విన్నాను. ఉప్పల్‌లో మేముండే సందులో సాయంత్రమైతే నెట్ వచ్చేది కాదు. పదిలో సిలబస్ తగ్గించారు. 11 పేపర్లు ఉండాల్సింది 6 పేపర్లతో సరిపెట్టారు. 2022 మే 23న మొదలైన పరీక్షలు జూన్ 1కి అయిపోయాయి. నెలాఖరున ఫలితాల్లో నాకు 9.7 జీపీఏ వచ్చింది. ఇంట్లో అందరూ ఆ అంకె చూసి మురిసిపోయారు. దాని కింద ఎన్ని ఖాళీలు ఉన్నాయో నాకు తెలుసు. త్రికోణమితిలో సూత్రాలు బట్టీ పట్టానే తప్ప అవి ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం చేసుకోలేదు.

పరీక్షలకూ ఫలితాలకూ మధ్య ఉన్న ఆ నెలలో నేను చేసిన ఒక పని నన్ను తర్వాత నిలబెట్టింది. అమ్మ బ్లౌజులు కుడుతుంది. లైనింగ్ గుడ్డ, హుక్కులు కొనడానికి సుల్తాన్ బజార్ వెళ్తూ నన్నూ తీసుకెళ్లింది. అక్కడి నుంచి కోఠిలో పాత పుస్తకాల దగ్గర ఆగి, తెలుగు అకాడమీ ఇంటర్ ఫస్ట్ ఇయర్ పుస్తకాలు మూడు కొన్నాను: మ్యాథ్స్ 1ఏ, బోటనీ, ఎకనామిక్స్. మూడూ కలిపి 220 రూపాయలు. ఒక్కోదానికి వారం పెట్టుకున్నాను. బోటనీలో బొమ్మలు చాలా నచ్చాయి, కానీ ఈరోజు చదివిన పేర్లు రేపటికి పోయేవి. పోయినందుకు బాధ కూడా అనిపించలేదు. ఎకనామిక్స్ డిమాండ్ సూత్రం వరకు ఆసక్తిగా సాగి, పేజీల కొద్దీ వ్యాసాలు మొదలయ్యేసరికి ఆగిపోయింది. మ్యాథ్స్ 1ఏలో మొదటి పాఠం ప్రమేయాలు. అందులో ఒక సిద్ధాంతం నాలుగు సార్లు చదివినా అర్థం కాలేదు. విసుగొచ్చి పుస్తకం మూసేశాను. అన్నం తిని మళ్లీ తెరిచాను. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి తెరిచాను. మిగతా రెండు పుస్తకాల దగ్గరికి నేను అలా తిరిగి వెళ్లలేదు. నా గ్రూపు ఏదో నాకు అప్పుడు తెలిసింది. రసీదు మీద ఉన్నదీ అదే కాబట్టి ఇంకేం మాట్లాడలేదు. 'ఎంపీసీ' పక్కన ఉన్న 'ఐఐటీ' అన్న మాట గురించి అసలు ఆలోచించనే లేదు.

కాలేజీ దిల్‌సుఖ్‌నగర్ వైపు. ఉదయం ఆరున్నరకు బస్సెక్కితే, స్టడీ అవర్స్ అయిపోయి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటేది. ప్రతి ఆదివారం టెస్ట్, మంగళవారం మెట్ల దగ్గర ర్యాంకుల లిస్టు. మా సెక్షన్‌లో సగం మంది ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సు చదివినవాళ్లు. సార్ బోర్డు మీద లెక్క మొదలుపెట్టగానే వాళ్లు జవాబు చెప్పేసేవారు, సార్ తర్వాతి లెక్కకు వెళ్లిపోయేవారు. నాకు ఇంకా ప్రశ్నే పూర్తిగా అర్థమయ్యేది కాదు. అడుగుదామంటే, ఇది పదో తరగతిదే కదా అంటారేమోనని భయం.

దసరా సెలవుల తర్వాత శనివారం రాత్రుళ్లు కడుపునొప్పి మొదలైంది. అమ్మ వాము నీళ్లు ఇచ్చింది, డాక్టర్‌కు చూపించింది, ఏమీ లేదన్నారు. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. నాన్నమ్మ కంచం ముందు కూర్చుని "ఏం బిడ్డా, రెండు ముద్దలకే చెయ్యి కడుగుతున్నవ్?" అని అడిగేది. నవంబర్‌లో ఒక ఆదివారం టెస్ట్‌లో, ఇరవయ్యో ప్రశ్న దగ్గర అనుకుంటా, అక్షరాలు కనిపిస్తున్నాయి కానీ బుర్రలోకి ఏదీ వెళ్లడం లేదు. వేళ్లు చల్లబడ్డాయి. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మిగతా ఓఎంఆర్ ఖాళీగా ఇచ్చి వచ్చేశాను. బస్సులో ఏడవలేదు, ఇంటికొచ్చి అమ్మ కుట్టు మెషీన్ పక్కన కూర్చుని ఏడ్చాను. నాకు లెక్కలు రావని, ఎంపీసీ మానేసి సీఈసీలో చేరతానని చెప్పాను.

అమ్మ నాలుగు రోజులు కాలేజీకి పంపలేదు. మూడో రోజు ఏమీ తోచక కోఠిలో కొన్న పాత 1ఏ పుస్తకం తీసి మాత్రికలు చేయడం మొదలుపెట్టాను. అమ్మ టీ పెట్టుకొచ్చి "మూడున్నర గంటల నుంచి కదల్లేదు నువ్వు" అనేవరకు టైమే తెలియలేదు. కడుపునొప్పి లేదు, చేతులు చల్లబడలేదు. అదే సబ్జెక్టు, అదే నేను. లేనిది గడియారం, మెట్ల దగ్గరి లిస్టు మాత్రమే. ఆ రోజే గ్రూపు మారాలన్న ఆలోచన వదిలేశాను.

ఆ రాత్రి అమ్మ ఎక్కడో చూసి రాసిపెట్టుకున్న 14416 నంబర్‌కు ఫోన్ చేయించింది. అది టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అవతల ఉన్న మేడమ్ ముందు నిద్ర గురించి, తిండి గురించి అడిగారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని కూడా సూటిగా అడిగారు. రాలేదు. కానీ బస్సు ఆగకుండా ఎటో వెళ్లిపోతే బాగుండు అనుకునేదాన్ని. ఆ సంగతి మొదటిసారి ఆమెకే చెప్పాను. అడిగితే లేని ఆలోచన వస్తుందేమోనని మన ఇళ్లలో భయపడతారు. నాకైతే ఒకరు అలా అడిగినందుకు బరువు దిగింది. భయం వచ్చినప్పుడు పెన్ను కింద పెట్టి, రెండు పాదాలూ నేలకు ఆనించి, గాలి పీల్చినదానికంటే వదలడం ఎక్కువసేపు చేయమన్నారు. ఏదైనా మార్చాలనుకుంటే ఇంట్లో కాగితం మీద రాసి చూపించమన్నారు.

నేను అలాగే చేశాను. నాన్నకు ఏడుపు చూపిస్తే కరిగిపోతారు, కానీ లోపల దిగులు మిగిలిపోతుంది. అందుకే ఆయనకు లెక్క చూపించాలనుకున్నాను. ఏ4 కాగితం మధ్యలో గీత గీసి, ఐఐటీ బ్యాచ్‌లో ఉంటే రాయగలిగే పరీక్షలు ఒకవైపు, మామూలు ఎంపీసీలో ఉంటే రాయగలిగేవి ఇంకోవైపు రాశాను. ఇంటర్ మొత్తం 1000 మార్కులు, ఫస్ట్ ఇయర్ 470, సెకండ్ ఇయర్ 530. బోర్డు పేపర్ రెండు బ్యాచ్‌లకూ ఒకటే. ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, అందులో 80 మ్యాథ్సే, తప్పు రాస్తే మార్కులు కోసేయరు. జేఈఈ మెయిన్‌కు ఎవరైనా అప్లై చేయొచ్చు. అందులో పైన నిలిచిన రెండున్నర లక్షల మందే ఐఐటీ సీట్ల కోసం పెట్టే అడ్వాన్స్‌డ్ రాయడానికి అర్హులు. అంటే బ్యాచ్ మారితే నేను వదులుకునేది ఆ ఒక్క అడ్వాన్స్‌డ్ కోచింగ్.

టెర్రస్ మీద నాన్న ఆ కాగితాన్ని లైటు కింద రెండుసార్లు చదివారు.

"అంటే ఇంజనీరింగ్ దారి మూసుకుపోదు?"

"పోదు నాన్నా. లెక్కలు వదలడం లేదు. ఆదివారం టెస్టులు వదులుతున్నాను."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఫీజు కోసం చిట్టీ ముందే ఎత్తారు, ఆ సంగతి నాకు తెలుసు. చివరికి "ఇంజన్ వేడెక్కినప్పుడు బండి పక్కకు ఆపుతం. పాడైందని తుక్కుకు వేయం. నువ్వు ముందే చెప్పాల్సింది బిడ్డా" అన్నారు. నేను ముందే చెప్పాల్సింది, నిజమే. నాలుగు నెలలు దాచడం వల్ల ఒరిగిందేమీ లేదు.

కాలేజీలో సెక్షన్ మారడానికి మూడు రోజులు తిప్పారు. మళ్లీ ఆలోచించుకోండి, అమ్మాయి తెలివైంది, రెండు నెలల్లో అలవాటవుతుంది అన్నారు. కట్టిన ఫీజులో తేడా వెనక్కి రాదన్నారు, రాలేదు. నాన్న సంతకం పెట్టి బయటికొచ్చారు.

కొత్త సెక్షన్ నాలుగున్నరకు వదిలేసేది. మొదటి మూడు వారాలు ఇంటర్ పుస్తకం పక్కన పెట్టి పదో తరగతి త్రికోణమితి మొదటి పేజీ నుంచి చేశాను. సిగ్గనిపించింది, అయినా చేశాను. అది అయ్యాక 1ఏలో నాకు కొరుకుడు పడని పాఠాలు వాటంతటవే తేలికయ్యాయి. ఒక నోట్‌బుక్‌లో తప్పులు మాత్రమే రాసేదాన్ని. ప్రతి తప్పు పక్కన అది తెలియక చేసిందా, తొందరలో చేసిందా, ప్రశ్న సరిగ్గా చదవక చేసిందా అని ఒక మాట. నెల తర్వాత చూస్తే సగానికి పైగా 'తొందర' అని ఉంది. నాకు రాదనుకున్నవాటిలో చాలా వరకు వచ్చినవే.

భయాన్ని కూడా మార్కుల్లో లెక్క వేశాను. 1ఏ పేపర్ 75 మార్కులు. రెండు మార్కుల ప్రశ్నలు పది, నాలుగు మార్కులవి ఏడింటిలో ఐదు, ఏడు మార్కులవి ఏడింటిలో ఐదు రాయాలి. పాస్‌కు 26 కావాలి. ఎంత చెడ్డరోజైనా మాత్రికల్లో రెండు పెద్ద ప్రశ్నలు, గణితానుగమనంలో ఒకటి రాయగలను, అవి 21. రెండు మార్కులవి ఐదు వేసుకుంటే 31. అంటే బుర్ర మొద్దుబారినా ఫెయిల్ కాను. ఈ 31 నాకు మాత్రల కంటే బాగా పనిచేసింది. ప్రతి సబ్జెక్టుకూ అలాంటి ఒక అంకె రాసి పెట్టుకున్నాను.

2023 మార్చి 15న పరీక్షలు మొదలయ్యాయి. మ్యాథ్స్ 1బీ రోజు హాల్లో మళ్లీ అదే జరిగింది. సరళరేఖల ప్రశ్న చదువుతుంటే అక్షరాలు జారిపోయాయి. పెన్ను పెట్టేశాను. చెప్పులు విప్పి పాదాలు నేలకు ఆనించాను. నేల చల్లగా ఉంది. రెండు మూడు నిమిషాలు గాలి మెల్లగా వదులుతూ కూర్చున్నాను. ఇన్విజిలేటర్ వచ్చి మంచినీళ్లు కావాలా అని అడిగారు. తాగాక చివరి ప్రశ్న మాక్సిమా మినిమాతో మొదలుపెట్టి వెనక్కి రాసుకుంటూ వచ్చాను. మే నెలలో ఫలితాలు చూస్తే 1ఏలో 71, 1బీలో 58.

మార్కులు పెంచుకోవడానికి ఇంప్రూవ్‌మెంట్ రాయమని బంధువులు చెప్పారు. రెండింటిలో ఎక్కువ వచ్చినవే ఉంచుతారు కాబట్టి నష్టమేమీ లేదు. కానీ ఆ ఏడాదే ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీ శాశ్వతంగా తీసేశారు. ఆ ఇరవై రోజులు సెకండ్ ఇయర్ వృత్తాల పాఠానికి పెడితే నయమనిపించింది. రాయలేదు.

సెకండ్ ఇయర్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చదివాను, రాశాను. 2024 మే నెలలో ఈఏపీసెట్‌గా పేరు మారిన ఆ పరీక్షా రాశాను. ర్యాంకు ఇంజనీరింగ్ సీటుకు సరిపోయేదే, అయినా డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే దోస్త్‌లో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ ఉన్న బీఎస్సీకి ఆప్షన్ పెట్టుకున్నాను. నాన్నకు మళ్లీ ఒక కాగితం రాయాల్సి వచ్చింది. ఈసారి ఒక్కసారే చదివారు.

ఇప్పుడు తమ్ముడు పదో తరగతి. మొన్న ఒక కాలేజీ వాళ్లు ఫోన్ చేస్తే నాన్న "వాడి పరీక్షలు అయ్యాక, వాడినే అడిగి చెప్తం" అని పెట్టేశారు. కోఠి పుస్తకాలు మూడూ వాడి టేబుల్ మీద పెట్టాను. 1ఏ ముట్టుకోలేదు. బోటనీలో పువ్వు భాగాల బొమ్మ వేసి, ఒక్కోదాని పేరూ ఎందుకు అలా పెట్టారని రాత్రి పదకొండింటికి నన్ను లేపి అడిగాడు.