హొయిడ్ వెంట రెండేళ్లు

మొదట్లో నాకు హొయిడ్ అనే పాత్ర పేరే తెలియదు. అమెరికన్ ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ రాసిన నవల 'ది వే ఆఫ్ కింగ్స్' చేతికొచ్చినప్పుడు ఆ వెయ్యి పేజీలు చూసి కాస్త టెన్షన్ పడ్డాను. అందులో 'విట్' అని రాజుగారి కొలువులో ఒకాయన ఉంటాడు. వచ్చిన ప్రభువులను మాటలతో ఉతికి ఆరేయడమే ఆయన ఉద్యోగం. విదూషకుడు కాబోలు అనుకుని ముందుకు వెళ్లిపోయాను.

వంతెనలు మోసే బానిస కలడిన్‌కు ఆయన ఎదురుపడ్డ రాత్రి దగ్గర మాత్రం ఆగిపోయాను. లోతైన అగాధాల అంచున మంట వేసుకుని వేణువు ఊదుతుంటాడు. వేణువు దించి కథ మొదలుపెట్టినా పాట ఆగదు. లోయల్లోంచి తిరిగొస్తూ కథకు తోడుగా నడుస్తూనే ఉంటుంది. చివరికి ఆ వేణువు కలడిన్ చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. ఆ పేజీలు మూడుసార్లు చదివాను.

ఆఫీసులో ఒక స్నేహితుడికి చెబితే, 'ఈయన్ని నేను ఇంకో లోకంలో హొయిడ్ అనే పేరుతో చూశాను' అన్నాడు. శాండర్సన్ కథలు చాలావరకు కాస్మియర్ అనే ఒకే విశ్వంలో, వేర్వేరు గ్రహాల మీద జరుగుతాయని అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రమే రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాను. ఇంటర్నెట్‌లో వెతక్కూడదని, అచ్చయిన వరసలోనే చదవాలని నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయం మంచిదైంది. ముందే తెలిసిపోతే ఈ ప్రయాణంలో సగం పోయేది.

2005 నాటి 'ఎలాంట్రిస్'లో ఆయన రాకుమారి సరీన్‌కు సాయపడే బిచ్చగాడు. 'మిస్ట్‌బార్న్'లో సమాచారం అమ్ముకునే గుడ్డి బిచ్చగాడి వేషం. ఆ వరసలో మూడో పుస్తకంలో కథానాయిక విన్ ఆయన్ని కలవడానికి వెళ్లి, ఏదో తేడాగా ఉందనిపించి వెనక్కి తిరుగుతుంది. ఎందుకో రచయిత అక్కడ చెప్పడు. ఆ ఒక్క సందేహానికి నోట్‌బుక్‌లో ఒక పేజీ మొత్తం ఖాళీగా వదిలిపెట్టాను.

మన నారదుడు ఏ లోకంలో కనిపించినా చేతిలో మహతి చూసి గుర్తుపడతాం. హొయిడ్‌కి అలాంటి గుర్తు లేదు. పేరు, వేషం, చివరికి జుట్టు రంగు కూడా మారిపోతాయి. 'వార్‌బ్రేకర్'లో ఆయన ఒక దేవుడికి, రాణి సిరికి ఆ రాజ్యం చరిత్ర చెబుతూ, గుప్పిళ్లతో రంగుల ఇసుక, పొడులు జారవిడుస్తుంటాడు. అక్కడ నాకు దొరికాడు. వేషం కాదు, కథ చెప్పే తీరే ఆయన గుర్తు.

అసలు దెబ్బ 'ది వే ఆఫ్ కింగ్స్' వరసలోని 'ఓత్‌బ్రింగర్' చివర్లో తగిలింది. యుద్ధంలో పోయిన నగరంలో, ఒక చిన్నపిల్ల చేతిలోని గుడ్డబొమ్మకు ఆయన చలనం తెప్పిస్తాడు. ఆ లోకంలో ఆ విద్యే లేదు. ఊపిరిని వస్తువులకిచ్చి కదిలించడం 'వార్‌బ్రేకర్' లోకపు విద్య. అంటే అక్కడికి వెళ్లి కథ చెప్పి ఊరికే రాలేదన్నమాట! రాత్రి రెండింటికి లేచి పాత పేజీలు తిరగేశాను. సృష్టికి మూలమైన శక్తి పదహారు ముక్కలైన రోజున ఆయన అక్కడే ఉన్నాడు, తన వాటా వద్దన్నాడు. ఎవరి మీదా చేయి ఎత్తలేని స్థితి ఆయనది. అన్ని యుగాలు బతికినవాడు, ఏడుస్తున్న ఒక పాపకు ఇవ్వగలిగింది ఒక బొమ్మ. నాకు కళ్లు చెమర్చాయి.

2023లో వచ్చిన 'ట్రెస్ ఆఫ్ ది ఎమరాల్డ్ సీ' తెరిచాక, కథ చెబుతున్నది ఆయనేనని మొదటి పేజీల్లోనే గొంతు పట్టేశాను. మూలమూలలా వెతికిన మనిషి ఈసారి తనే కూర్చోబెట్టి కథ చెబుతున్నాడు. ఆ కథలో ఆయన ఒక మంత్రగత్తె శాపానికి గురై, ఓడలో చిల్లర పనులు చేసే కుర్రాడిగా ఉంటాడు.

ఇప్పుడు 'యూమి' చదువుతున్నాను. అందులో ఆయన నూడుల్స్ దుకాణంలో విగ్రహంలా బిగుసుకుపోయి నిలబడి ఉన్నాడు. వచ్చినవాళ్లు ఆయనకే కోట్లు తగిలిస్తున్నారు.