జిల్లేడు కోయడానికి రియాద్

ఇకామా (సౌదీలో ఉండడానికిచ్చే అనుమతి కార్డు) మీద నా వృత్తి ‘ఆమిల్’, అంటే కూలీ. చేసేది మాత్రం ఒక ల్యాబ్‌లో నార తీసే పని. ఏం నారరా అని అమ్మ అడిగితే జిల్లేడు అన్నాను. "ఏటిరా, జిల్లేడు కొట్టడానికా ఇమానమెక్కి అంత దూరమెల్లావు?" అని ఒకటే నవ్వు.

ఇక్కడ దాన్ని ఉషర్ అంటారు. రియాద్ దాటితే ఎండిన వాగుల్లో తలెత్తు పెరిగి ఉంటుంది. చుక్క నీరు పొయ్యక్కర్లేదు, మేకలు కూడా జోలికి పోవు. ప్లాస్టిక్‌లో గాజు నార బదులు దీని నార కలపొచ్చేమోనని పరీక్షలు. తెల్లవారుజామునే పికప్‌లో వెళ్లి, ఎండ ముదరకముందే కోసుకొచ్చేస్తాం. ఒకసారి నాతో పనిచేసే బంగ్లాదేశీ కుర్రాడు జిల్లేడు పాలంటిన చేత్తోనే చెమట తుడుచుకున్నాడు. ఉన్న నీళ్ల సీసాలన్నీ కంట్లో పోసినా రెండ్రోజులు వాడికి మసకే. ముందే చెప్పాల్సింది, నాదీ తప్పే.

తెచ్చిన కొమ్మల్ని తొట్టెలో ఊరబెట్టాలి. మాది విజయనగరం జిల్లా, చెరువులో గోగు కట్టలు ఊరే కంపులోనే పెరిగాను. మా డాక్టరుగారిది ఈజిప్టు. మంచివారే, కానీ కాగితంలో 14 రోజులని ఉంటే 14 రోజులే. తొమ్మిదో రోజున నేనో కొమ్మ తీసి, మొదలు దగ్గర బొటనవేలితో ఒత్తి లాగాను. పట్ట జారిపోయి పుల్ల తెల్లగా బయటికొచ్చింది. "ఖలాస్, దుక్తూర్" అన్నాను, అంటే అయిపోయింది డాక్టరుగారూ అని. ఎండకి తొట్టెలో నీళ్లు కాగుతున్నాయి, ఊరడం తొందరగా అయిపోతుంది మరి. ఆయన వినలేదు. బతిమాలి సగం కొమ్మలు ఆ రోజే తీసి నార ఆరేశాను. పద్నాలుగో రోజు తీసిన నార మెలితిప్పితే పుటుక్కున తెగింది. రెండు పాయలూ పట్టుకుని ఆయన చాలాసేపు చూశారు. తర్వాతి దఫా ఎనిమిదో రోజు నుంచే నాకు పిలుపు.

మిగతాదంతా కెమిస్ట్రీ. కాస్టిక్ సోడాలో ఉడికిస్తే నారని గట్టిగా పట్టుంచే లిగ్నిన్ వదులుతుంది, పెరాక్సైడ్‌తో తెల్లబడుతుంది. ఆ తర్వాత సోడా పోయేదాకా కడగడం, కడగడం, కడగడం. పికప్ నిండా తెచ్చిన కొమ్మలకి ఆఖరికి ఓ చిన్న సంచీ సెల్యులోజ్, అంటే నారలోని అసలు పదార్థం, మిగుల్తుంది. ముట్టుకుంటే దూదే.

వీడియో కాల్‌లో నాన్నకి ఆరేసిన నార చూపించాను. దగ్గరగా పెట్టమని, కళ్లజోడు తగిలించుకుని చూశాడు.

"బాగా ఊరింది. క్వింటా ఎంతకి పోతందిరా?"

ఇక్కడ దీన్ని గ్రాముల త్రాసులో తూస్తామని చెప్పాను. ఫోను అమ్మకిచ్చేశాడు.